సంఘం మారతానంటే ఇంట్లో వాళ్ళకు వినబడేది వేరు

ఇంటిల్లిపాదీ ఒకే గుడికి పోయే కుటుంబంలో ఒకరు "నేను వేరే సంఘంలో చేరదామనుకుంటున్నా" అంటారు. అన్నవాళ్ళకు అది ఒక్క విషయం. విన్నవాళ్ళకు నాలుగైదు. తల్లికి చెల్లెలి పెళ్ళి గుర్తొస్తుంది, తండ్రికి సంఘ పెద్దల ముందు తన ముఖం. జేజికి సమాధుల తోట. పాస్టరుగారికి సభ్యుల పుస్తకంలో ఒక పేరు. గొడవ బైబిలు వచనాలతోనే మొదలవుతుంది గానీ, ఎక్కువసార్లు ఇరుక్కుపోయేది వచనాల దగ్గర కాదు. చెప్పినవాళ్ళు మొదటి మెట్టు మీద నిలబడి మాట్లాడుతుంటే, విన్నవాళ్ళు చివరి మెట్టు గురించి భయపడుతుంటారు. ఆ మెట్లేమిటో, ఏ సంఘానికి పోతే ఏవి ఎక్కాల్సి వస్తాయో విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

మతం మారడం కాదు, మరి ఇదేమిటి?

హిందువు క్రైస్తవుడైతే మతం మారినట్టు. బాప్టిస్టు కాథలిక్కు అయినా, లూథరన్ పెంతెకోస్తు అయినా మతం అదే, శాఖ మారింది. మన వైపు దీన్ని "మిషను" అంటారు. పెళ్ళిచూపుల్లో "మీరు ఏ మిషను?" అని అడిగేది ఇదే. ఆర్‌సీఎం (అంటే రోమన్ కాథలిక్కులు), బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), బైబిల్ మిషన్, హెబ్రోను, పెంతెకోస్తు, అడ్వెంటిస్టు, సాల్వేషన్ ఆర్మీ ఇలా.

మారడం ఒక్క పూటలో జరిగే పని కాదు, అందులో నాలుగు దశలున్నాయి. మొదట హాజరు. బుధవారం ఉపవాస ప్రార్థనకో శుక్రవారం కూడికకో పోవడం, ఆదివారం మళ్ళీ పాత గుడికే రావడం. సంవత్సరాల తరబడి ఇక్కడే ఆగిపోయేవాళ్ళు బోలెడుమంది. తర్వాత సభ్యత్వం, అంటే పాత సంఘం నుంచి లెటరు తీసుకుని కొత్త పుస్తకంలో పేరు రాయించుకోవడం. మూడోది బాప్తిస్మం, లేదా దాని బదులు స్వీకరణ, అంటే పాత బాప్తిస్మాన్నే ఒప్పుకుని చేర్చుకోవడం. నాలుగోది నడవడి, అంటే ఏం కట్టుకుంటారు, ఏం తింటారు, ఏ రోజు పని మానేస్తారు, ఏ పండుగ చేస్తారు.

సభ్యత్వం విషయంలో శాఖలన్నీ ఒకలా ఉండవు. బాప్టిస్టు సంఘంలో సభ్యుడంటే సంఘ కూటంలో చెయ్యెత్తే హక్కున్నవాడు. లెటరు ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆ కూటం ముందుకే వస్తుంది, కాబట్టి విషయం గుట్టుగా ఉండదు. కాథలిక్కుల లెక్క వేరు. జ్ఞానస్నానం అంటే వాళ్ళ మాటలో బాప్తిస్మం, ఆ పుస్తకంలో పేరు ఒకసారి ఎక్కితే కొట్టేయరు. భద్రమైన అభ్యంగనం (తైలం పూసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం), పెళ్ళి లాంటివి ఆ పేరు పక్కనే రాసుకుంటూ పోతారు. అందుకే ఆర్‌సీఎం నుంచి వెళ్ళిపోయినవాళ్ళు "నేనిప్పుడు కాథలిక్కును కాను" అన్నా, ఫాదరుగారి దృష్టిలో వాళ్ళు గుడికి రాని కాథలిక్కులే.

నెల్లూరు, ఒంగోలు పల్లెల్లో ఎందుకింత పట్టింపు

ఈ రెండు జిల్లాల్లో సంఘం సిద్ధాంతం చూసి ఎంచుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. దాని వెనక చరిత్ర ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చలు నడిచాయి, "లోన్ స్టార్", అంటే ఒంటరి నక్షత్రం, అన్న పేరు ఈ మిషనుకు ఆ రోజుల్లో వచ్చిందే. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనుకే చెందిన జూయెట్ దంపతులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. అదే ఇప్పటి ప్రార్థన కొండ. 1866లో ఇంకో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, కూలి దొరకని జనానికి పని చూపించాడు. కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు, కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఒకేసారి ఇద్దరు చొప్పున, వంతుల వారీగా నీళ్ళలో దిగారు.

ఒంగోలు చుట్టుపక్కల ఆ తొలి సంఘాలు ఎక్కువగా మాదిగపల్లెల్లో పుట్టాయి. పల్లెకు పల్లె ఒకే మిషనులో చేరింది. కాబట్టి గుడి అంటే చుట్టరికం, పల్లె పెద్దరికం, ఏబీఎం (అమెరికన్ బాప్టిస్టు మిషను) బడి, క్లౌ ఆసుపత్రి అన్నీ కలిసిన ముద్ద. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం (ఎస్టీబీసీ) ఏర్పడి నిర్వహణ తెలుగువాళ్ళ చేతికి వచ్చినా ఆ ముద్ద విడిపోలేదు. ఆ ఇంట్లో పిల్లాడు "నేను బాప్టిస్టుగా ఉండను" అంటే, తండ్రికి వినబడేది "నేను మీవాణ్ణి కాను" అని. పిల్లాడు ఆ మాట అనలేదు. కానీ తండ్రి విన్నది తప్పు కూడా కాదు, నూట యాభై ఏళ్ళుగా ఆ రెండూ ఒకటే కాబట్టి.

మిగతా మిషన్ల సంగతి తొందరగా చెప్పుకుందాం. కాథలిక్కుల నెల్లూరు మేత్రాసనం, అంటే బిషప్పుగారి పరిధి, 1928 నాటిది, రెండు జిల్లాలకూ అదే. దక్షిణాన సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు 1860ల్లో అడుగుపెట్టారు. ఉత్తరాన గుంటూరు లూథరన్ల ప్రభావం, గిద్దలూరు వైపు నంద్యాల డయాసిస్ కింద సీఎస్ఐ. 1938లో దేవదాసు అయ్యగారి బైబిల్ మిషన్, తర్వాత భక్తసింగ్ గారి హెబ్రోను కూడికలు, ఆ తర్వాత పెంతెకోస్తులు, ఎవరికీ చెందని స్వతంత్ర సంఘాలు. తాతల కాలంలో ఊరికొక మిషను. ఇప్పుడు ఒక్క వీధిలోనే మూడు షట్టర్ల మీద మూడు బోర్డులు, మూడు మైకులు. మారడం ఇంత తరచు కావడానికి అదొక కారణం. నడిచి పోయే దూరంలో ఉంది.

మళ్ళీ బాప్తిస్మమా? ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి

ఇంట్లో అసలు నిప్పు రాజుకునేది ఇక్కడే. బాప్తిస్మాన్ని గుర్తించడానికి ఎవరి కొలబద్ద వాళ్ళకుంది. కాథలిక్కు, లూథరన్, సీఎస్ఐ శాఖలు చూసేది నీళ్ళు వాడారా, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చారా అని. చిలకరించినా, పోసినా, ముంచినా, పసిబిడ్డయినా పెద్దవాళ్ళయినా చెల్లుతుంది. బాప్టిస్టులు, బ్రదరెన్, పెంతెకోస్తులు చూసేది ఇంకొకటి. తీసుకున్న మనిషి తానే నమ్మి, తానే ఒప్పుకుని, నీళ్ళలో మునిగాడా అని. మొదటి కొలతలో నెగ్గినది రెండోదాంట్లో ఓడిపోవచ్చు. రెండోదాంట్లో నెగ్గినది మొదటిదాంట్లో దాదాపు ఎప్పుడూ నెగ్గుతుంది. కాబట్టి ఒకే దూరమైనా, పోయేటప్పుడు ఒక ఖర్చు, వచ్చేటప్పుడు ఒక ఖర్చు.

కావలిలో ఒక బాప్టిస్టు అమ్మాయి కాథలిక్కు కావాలనుకుందనుకుందాం. ఆమెకు మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు. పాత సంఘం నుంచి బాప్తిస్మ పత్రం తెమ్మంటారు. కొన్ని నెలలు ఉపదేశం, పాపసంకీర్తనం, విశ్వాస ప్రకటన, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం. ఇంతే. పత్రం దొరక్క, బాప్తిస్మం ఎలా జరిగిందో చెప్పేవాళ్ళూ లేక అనుమానం మిగిలిపోతే, "ఇదివరకు పొందకపోయి ఉంటే" అన్న షరతు పెట్టి ఇస్తారు. అది కూడా చాటుగా, ఆర్భాటం లేకుండా.

ఇప్పుడు తిప్పి చూడండి. గూడూరులో ఒక కాథలిక్కు అబ్బాయి బాప్టిస్టు సంఘంలో చేరాలంటే ముంచే బాప్తిస్మం తప్పదు. పాస్టరుగారు దాన్ని రెండోది అనరు. ఇదే మొదటిది అంటారు, పసితనంలో జరిగినది లెక్కలోకే రాదు కాబట్టి. ఆ అబ్బాయి తల్లికి మాత్రం, తాను తెల్లగౌను కుట్టించి జ్ఞాన తల్లిదండ్రులను నిలబెట్టి చేయించినదాన్ని కొట్టిపారేసినట్టే.

ఇద్దరూ చూపించే వచనం ఒక్కటే కావడం విచిత్రం. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం, అయిదో వచనం: ప్రభువు ఒక్కడే, విశ్వాసం ఒక్కటే, బాప్తిస్మం ఒక్కటే. ఒక్కటే కాబట్టి రెండోసారి ఇవ్వకూడదు అంటారు ఫాదరుగారు. ఒక్కటే కాబట్టి అది సరైనదై ఉండాలి అంటారు పాస్టరుగారు. ఎవరి లెక్కలో వాళ్ళు తూచ తప్పరు. ఇంట్లో కూర్చుని ఒక రాత్రిలో తేల్చే సంగతి కాదిది.

మిగతా దారులు తేలికే. లూథరన్ నుంచి సీఎస్ఐకి, సీఎస్ఐ నుంచి కాథలిక్కుకు నీళ్ళ దాకా పోనక్కర్లేదు. బాప్టిస్టు పెంతెకోస్తు అయితే నీటి బాప్తిస్మాన్ని సాధారణంగా ఒప్పుకుంటారు, అడిగేది పరిశుద్ధాత్మ బాప్తిస్మం గురించి. అయితే "యేసు నామంలో" మాత్రమే ఇవ్వాలనే సంఘాలు అపొస్తలుల కార్యములు 2:38 చూపించి మళ్ళీ ముంచుతాయి. అలా ఇచ్చినదాన్ని కాథలిక్కులు ఒప్పుకోరు. అడ్వెంటిస్టులు ముంపు బాప్తిస్మం ఉన్నవాళ్ళను విశ్వాస ప్రకటన మీద చేర్చుకోగలరు. సాల్వేషన్ ఆర్మీలో అసలు నీళ్ళే లేవు, ప్రభు భోజనపు బల్లా లేదు. జెండా కింద ప్రమాణం చేసి సైనికుడవుతారు.

"మరి తాత సంగతేంది?"

మళ్ళీ బాప్తిస్మం అన్న మాట వినగానే చాలా ఇళ్ళలో వచ్చే మొదటి ప్రశ్న ఇది. అడిగేది సాధారణంగా జేజి. నీళ్ళు చిలకరించుకుని, అరవై ఏళ్ళు గుడి మెట్లెక్కి, చేతిలో బైబిలుతో పోయిన మనిషి రక్షణ పొందలేదంటావా అని. కొత్తగా చేరినవాళ్ళు ఉత్సాహంలో "ఇన్నాళ్ళూ మనకు సత్యం తెలీలేదు" అనేస్తారు. దానితో కథ బాప్తిస్మం దాటి చనిపోయినవాళ్ళ దాకా పోతుంది. అక్కడి నుంచి వెనక్కి తేవడం కష్టం.

నిజానికి చాలా శాఖల సిద్ధాంతం ఆ మాట అనదు. బాప్టిస్టు బోధలో రక్షణ విశ్వాసం వల్ల, బాప్తిస్మం దానికి విధేయత, సాక్ష్యం. కాబట్టి చిలకరింపు చాలదన్నంత మాత్రాన తాతకు రక్షణ లేదని కాదు. బ్రదరెన్‌దీ ఇంచుమించు అదే మాట. కాథలిక్కు సంఘం రెండో వాటికన్ మహాసభలో, 1964 నాటి ఎక్యుమెనిజం (శాఖల ఐక్యత) పత్రంలో, సరిగా బాప్తిస్మం పొందిన ఇతర శాఖలవాళ్ళను ప్రభువునందు సోదరులుగా ఒప్పుకుంది. 1999లో లూథరన్ ప్రపంచ సమాఖ్యతో కలిసి నీతిమంతులుగా తీర్చబడటం మీద ఉమ్మడి ప్రకటన మీద సంతకం కూడా పెట్టింది. పాపక్షమాపణ బాప్తిస్మంతోనే ముడిపడి ఉందని గట్టిగా బోధించే క్రీస్తు సంఘాల లాంటి చోట్ల మాత్రం ఈ ప్రశ్నకు జవాబు కఠినంగానే ఉండొచ్చు. అంటే చేరబోయే సంఘం ఏమంటుందో మనిషికి ముందే తెలిసి ఉండాలి, జేజి అడిగినప్పుడు కాదు.

మెడలో బంగారం, ప్లేటులో రొయ్య, గూట్లో మరియమ్మ

ఇంట్లోవాళ్ళు సిద్ధాంతాన్ని చదవరు, చూస్తారు. కొన్ని పెంతెకోస్తు సంఘాల్లో నగలు తీసేస్తారు. 1 పేతురు 3:3, 1 తిమోతి 2:9 వాళ్ళకు ఆధారం. పాత మిషను సంఘాల్లో పెళ్ళికి తాళి ఉంటుంది, దాని మీద సిలువో పావురమో ఉంటుంది. పెళ్ళయిన కూతురు తాళి, మెట్టెలు తీసేసి తెల్లచీరలో పుట్టింటికి వస్తే తల్లి గుండె గుభేలుమంటుంది. బోసిమెడ అంటే మన దగ్గర దేనికి గుర్తో చెప్పనక్కర్లేదు. కూతురికి అది లోకాన్ని విడిచినందుకు గుర్తు, తల్లికి అల్లుడి ప్రాణానికి శకునం. అన్ని పెంతెకోస్తు సంఘాలూ ఇలా అడగవు. అడిగేచోట కూడా కొందరు బాప్తిస్మానికి ముందే తీయమంటారు, కొందరు నీకు అనిపించినప్పుడు అంటారు. మందులు వాడకూడదనే సంఘాలు కూడా కొన్నున్నాయి. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు అది నగల కంటే పెద్ద సంగతి. వీటిల్లో ఏది ఉంది, ఏది లేదు అన్నది తేలకపోతే కుటుంబం అన్నీ ఉన్నాయనే అనుకుంటుంది.

అడ్వెంటిస్టుల దగ్గర లెక్క శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా. ఆ ఇరవై నాలుగు గంటలూ కొనడం, అమ్మడం, కూలి పని ఉండవు. డిగ్రీ పరీక్ష శనివారం పడితే? శనివారం సెలవు లేని కొట్లో ఉద్యోగమైతే? తండ్రి అడిగేవి ఇవే, అవి అవిశ్వాసపు ప్రశ్నలేమీ కావు. తిండి విషయానికొస్తే లేవీయకాండం 11 ప్రకారం రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపే తినాలి. నెల్లూరు చేపల పులుసుకు ఢోకా లేదు, కొరమేను నిక్షేపంగా ఉంటుంది. పోయేవి రొయ్యలు, పీతలు, వాలుగ, జెల్లలు. రొయ్యల చెరువు మీద బతికే ఇంట్లో ఆ మాట మెల్లగా చెప్పాల్సిందే.

బాప్టిస్టు ఇంటి నుంచి కాథలిక్కు వైపు పోతే చిక్కు ఇంకోచోట. మరియమ్మ స్వరూపం చూడగానే "విగ్రహాలకు మొక్కుతావా? వాళ్ళు రెండో ఆజ్ఞే తీసేశారు" అంటారు. ఈ రెండో ఆజ్ఞ గొడవకు మూలం అంకెల తేడా. నిర్గమకాండం 20లో వాక్యాలు అందరికీ అవే, కానీ ఆజ్ఞలకు నంబర్లు వేసి లేవు. కాథలిక్కులు, లూథరన్లు విగ్రహాల మాటను మొదటి ఆజ్ఞలో కలిపి, ఆశించకూడదన్న చివరిదాన్ని రెండు చేస్తారు. మిగతావాళ్ళు విగ్రహాల మాటను విడిగా రెండోదిగా లెక్కపెడతారు. కాబట్టి నరహత్య బాప్టిస్టు పిల్లాడికి ఆరో ఆజ్ఞ, ఆర్‌సీఎం పిల్లాడికి అయిదోది. తీసేశారన్నది నిజం కాదు. స్వరూపాల ముందు మోకాళ్ళూనడం గౌరవమా ఆరాధనా అన్నది మాత్రం నిజమైన భేదమే, దాన్ని నంబర్లతో మాపలేం. బైబిల్లో పుస్తకాల లెక్క కూడా వేరే, కాథలిక్కులకు 73, బాప్టిస్టులకు 66.

పెళ్ళి, కాగితాలు

చట్టానికి మిషన్లతో పని లేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు, ఏ శాఖ అన్నది అడగదు. వారసత్వానికి 1925 నాటి వారసత్వ చట్టం కూడా అంతే. చట్టం అడిగేది పెళ్ళి ఎవరు చేశారని. అయిదో సెక్షను ప్రకారం బిషప్పు చేత అభిషేకం పొందిన గురువులకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. ఆర్‌సీఎం ఫాదర్లు, సీఎస్ఐ గురువులు ఇందులోకి వస్తారు. మిగతా శాఖల పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. పాత మిషను సంఘాల్లో అది ఉన్న పాస్టరుగారు ఎవరో ఒకరు దొరుకుతారు. కొత్త స్వతంత్ర సంఘాల్లో లేకపోవడం మామూలే. పెళ్ళి ఘనంగా జరిగిపోతుంది, ఏళ్ళ తర్వాత పాస్‌పోర్టుకో వీసాకో సర్టిఫికెట్టు అడిగితే అప్పుడు బయటపడుతుంది. తల్లి "ఆ షట్టర్లో పెళ్ళేంది?" అని గొణిగితే అందులో కొంత ఈ భయం కూడా ఉంది, పాపం ఆమెకు సెక్షను నంబరు తెలియకపోవచ్చు.

మన కావలి అమ్మాయి, గూడూరు అబ్బాయి పెళ్ళి చేసుకోవాలనుకున్నారనుకోండి. మూడు దారులు. ఆమె కాథలిక్కు అవ్వొచ్చు, పైన చెప్పినట్టు మళ్ళీ నీళ్ళు లేకుండా. లేదా బాప్టిస్టుగానే ఉండి మిశ్రమ వివాహం. దానికి బిషప్పుగారి అనుమతి తీసుకోవాలి. పిల్లలకు కాథలిక్కు జ్ఞానస్నానం ఇప్పించడానికి తన శక్తికొద్దీ చేస్తానని అబ్బాయి మాటివ్వాలి, ఆ మాట ఇచ్చాడని అమ్మాయికి తెలియజేస్తారు. ఆమె చేత మాత్రం ఏ ప్రమాణమూ చేయించరు. ఈ తేడా తెలియక అమ్మాయివైపువాళ్ళు "మా పిల్లతో రాయించుకుంటారంట" అని సంబంధం వదులుకున్న ఇళ్ళు లేకపోలేదు. మూడో దారి, అబ్బాయి బాప్టిస్టు అయి ఆ గుడిలో పెళ్ళి. లైసెన్సు ఉన్న పాస్టరుగారు చేస్తే చట్టప్రకారం నూటికి నూరుపాళ్ళు చెల్లుతుంది. కాథలిక్కు ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదు. సంఘాన్ని అధికారికంగా విడిచినవాళ్ళకు ఒకప్పుడున్న మినహాయింపును 2009లో తీసేశారు. అబ్బాయి తల్లి ఏడిస్తే మొండితనం అనుకోవడం తేలిక. ఆమె సంఘం ఆమెకు నేర్పింది అదే.

ఇక కుల ధ్రువీకరణ. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక శాతం. ఒక క్రైస్తవ శాఖ నుంచి ఇంకో శాఖకు మారితే ఇందులో ఏదీ కదలదు. అయినా ఇంట్లో భయపడతారు, ఎందుకంటే కాగితం మీద ఒకలా, ఆదివారం ఒకలా బతుకుతున్న ఇళ్ళున్నాయి. అలాంటిచోట తేదీ వేసిన కొత్త బాప్తిస్మ పత్రం, యూట్యూబులో వీడియో అంటే పాత చిక్కుకు కొత్త సాక్ష్యం. చిక్కు సంఘం మారినందువల్ల పుట్టింది కాదు, ముందు నుంచీ ఉన్నది.

కబురు ఎటునుంచి చేరుతుంది

చాలా ఇళ్ళలో విషయం మారినవాళ్ళ నోటి నుంచి రాదు. లెటరు కోసం అడిగిన సాయంత్రమే పాస్టరుగారి ద్వారా పెద్దలకు, పెద్దల ద్వారా నాయనకు చేరుతుంది. లేదంటే ఇంకా వేగంగా, పెన్నలో నడుము లోతు నీళ్ళలో తెల్లబట్టలతో నిలబడ్డ ఫొటో ఎవరో స్టేటస్‌లో పెడతారు. అప్పుడు తండ్రికి కోపం సంఘం మీద కాదు, "ఊరందరికీ తెలిశాక నాకా?" అని. ఈ రెండో కోపం మొదటిదాన్ని మింగేస్తుంది. ఆ తర్వాత సిద్ధాంతం ఎంత చక్కగా చెప్పినా చెవికెక్కదు.

మాట ఏ మెట్టు మీద ఉందో చెప్తే ఎలా ఉంటుందో చూడండి.

"నాయనా, మూడు నెలల నుంచి బుధవారం ప్రార్థనకి ఆ సంఘానికి పోతుండా. ఆదివారం మన గుడికే వస్తా. పేరు మార్పించలేదు."

"బాప్తిస్మం తీసుకోవాలని ఉందా?"

"ఉంది. మీకు చెప్పకుండా తీసుకోను."

"మీ అమ్మకు చెప్పినావా?"

తండ్రి ఒప్పుకోలేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్నలకు జవాబులున్నాయి, హద్దులున్నాయి. "నేను మారిపోయా" అన్న ఒక్క ముక్కలో అవి ఉండవు.

ఎంత వ్యవధి ఉంటుందన్నది చేరబోయే సంఘాన్ని బట్టి కూడా. కాథలిక్కులది నిదానం, నెలలు పడుతుంది, ఆ నెలల్లో ఇల్లు సర్దుకుంటుంది. కొన్ని సంఘాలు వెంటనే అంటాయి. ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలోనే బాప్తిస్మం పొందాడు, ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రే పొందాడు అని అపొస్తలుల కార్యములు 8, 16 చూపిస్తారు. ఆధారం ఉన్న మాటే. అయితే ఆ చెరసాల నాయకుడితో పాటు అతని ఇంటివారందరూ పొందారని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. తండ్రులు దాన్ని ఇంకోలా చదువుతారు. పాత సంఘం పాస్టర్లు ఇలాంటి తొందరను "గొర్రెల దొంగతనం" అంటారు. కొత్త సంఘం "మేత లేనిచోట గొర్రె ఉండదు" అంటుంది. రెండు మాటల్లోనూ మేసే గొర్రెను అడిగినవాళ్ళు లేరు. పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో మాత్రం పేరున్న సంఘం ఏదైనా తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. అడక్కపోతే ఆ సంఘం గురించే ఆలోచించాలి.

సమాధుల తోటలో చోటు

జేజి భయం ఉత్తది కాదు. సమాధుల తోటలు చాలావరకు పాత మిషన్లవి, వాటికి కమిటీలున్నాయి, చందా పుస్తకాలున్నాయి. కొత్త స్వతంత్ర సంఘాలకు సొంత తోట ఉండటం అరుదు. సభ్యత్వం తీసేయించుకుని పదేళ్ళయ్యాక ఇంట్లో ఎవరో పోతే, చందా బాకీ దగ్గర మొదలైన మాట చోటు దాకా పోతుంది. పల్లెల్లో మామూలుగా చోటు ఇవ్వకుండా ఉండరు, కుటుంబ సమాధుల పక్కనే పెట్టనిస్తారు. తగువు వచ్చేది వాక్యం ఎవరు చెప్పాలన్న దగ్గర. ఇంటి దగ్గర కొత్త పాస్టరు, తోటలో పాత పాస్టరు అని పంచుకోవడం ఎక్కువ ఊళ్ళలో నడిచే సర్దుబాటు.

నవంబరు 2న సమాధుల పండుగ కూడా ఇలాంటిదే. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం కొత్త సంఘంలో తప్పు కావచ్చు. సమాధికి సున్నం వేసి, పూలు పెట్టి, పక్కన నిలబడటం తప్పు అని చాలామంది అనరు. కొవ్వొత్తి దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. ఏది చేస్తాడో ఏది చేయడో ముందే చెప్పిన కొడుకును తోటలో ఎవరూ నిలదీయరు.

తిరిగొస్తే

ఇది ఎవరూ పైకి అడగరు గానీ అందరి మనసులోనూ ఉంటుంది. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం కొత్తేమీ కాదు, పెళ్ళికో, జబ్బుకో, కొత్త సంఘంలో చీలిక వచ్చో. కాథలిక్కు తిరిగొస్తే మళ్ళీ జ్ఞానస్నానం లేదు. పాపసంకీర్తనం చేసి సత్ప్రసాదం తీసుకుంటాడు. బయట చేసుకున్న పెళ్ళి ఉంటే ఫాదరుగారి దగ్గర దాన్ని సరిచేయించుకోవాలి. బాప్టిస్టు తిరిగొస్తే సంఘ కూటంలో అడిగి, సభ్యులు ఒప్పుకుంటే బల్లలోకి చేర్చుకుంటారు. మొదటి ముంపు బాప్తిస్మం అలాగే ఉంటుంది. లూథరన్, సీఎస్ఐల్లో గురువుగారితో మాట్లాడి పేరు తిరిగి రాయించుకోవడమే. వెళ్ళేటప్పుడు లెటరు తీసుకుని పోయినవాళ్ళకు ఇదంతా ఒక ఆదివారం పని. పాత సంఘాన్ని మైకులో తిట్టి పోయినవాళ్ళకు ఆ కూటంలో చేతులు లేవడానికి కొంచెం టైం పడుతుంది.